పార్క్ హోమ్‌లో మా మొదటి చలికాలం: ముందుగా ఏం చూసుకోవాలి?

గోదారిగట్టు | అక్టోబర్ 26, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లండులోని లెస్టర్‌లో 28 ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాను. అక్కడి ఇల్లు అమ్మేసి మే నెలలో నేనూ మా ఆవిడా లింకన్‌షైర్ తీరం దగ్గర ఒక పార్క్ హోమ్‌లోకి వచ్చాం. 50 దాటినవాళ్ళకే ఇచ్చే సైటు. గోల లేదు, పిల్లల బంతులు లేవు, పొద్దున్నే సముద్రం గాలి. వేసవంతా స్వర్గంలా ఉంది.

పోయిన వారం ఉత్తరపు గాలి తిరిగింది. నేల మీద కాలు పెడితే జివ్వుమంటోంది. ఇల్లు 1998లో చేసింది, సింగిల్ యూనిట్. కింద చుట్టూ ఇటుక గోడ, ఆ గోడకు అక్కడక్కడా గాలి కన్నాలు. ఇల్లూ నీళ్ళూ వేడిచేసే బాయిలర్ గ్యాసు సిలిండర్లతో నడుస్తుంది. పక్కింటి పెద్దాయన వెళ్తూ వెళ్తూ "చలి రాకముందే నీ పైపులు చూసుకో" అన్నాడు. ఏ పైపులో, ఎక్కడున్నాయో చెప్పలేదు. నేను మటుకు దళసరి కర్టెన్లు, రెండు కరెంటు హీటర్లు కొన్నాను. కింద గోడలో ఉన్న కన్నాలు కూడా థర్మోకోల్ ముక్కలతో మూసేద్దామనుకుంటున్నా. ఇంకేమైనా చెయ్యాలా?

బెజవాడబుల్లోడు | అక్టోబర్ 26, రాత్రి 10:15

అన్నయ్యా, అడిగానని ఏమనుకోకండి, పార్క్ హోమ్ అంటే కారవానేనా? సెలవులకు కారు వెనక తగిలించుకుని వెళ్తారే, అదా?

నార్ఫోక్‌అక్క | అక్టోబర్ 27, ఉదయం 7:05

బుల్లోడూ, చట్టం దృష్టిలో కారవానే, కానీ దీన్ని కారుకు తగిలించడం నీ తరం కాదు. ఫ్యాక్టరీలో చేసి, లారీ మీద ఒక ముక్కగానో రెండు ముక్కలుగానో తెస్తారు. ఇనుప చాసిస్ మీద ఉంటుంది, దాన్ని కాంక్రీటు దిమ్మె మీద దిమ్మలూ జాకీలూ పెట్టి నిలబెడతారు. ఇల్లు మనది, నేల సైటు ఓనరుది. నేలకు అద్దె కడతాం, పిచ్ ఫీ అంటారు. బయటి నుంచి చూస్తే ముచ్చటైన బంగళాలా ఉంటుంది, కింద మాత్రం అంతా బోలు. చలికాలం కథంతా ఆ బోలులోనే ఉంది.

గోదారిగట్టు గారూ, ముందు ఆ థర్మోకోల్ పక్కన పెట్టేయండి! ఆ కన్నాలు ముయ్యకూడదు. నేలలోంచి తేమ ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. గాలి ఆడకపోతే ఆ తేమంతా మీ ఫ్లోరు కింది చెక్క దూలాలకు పడుతుంది. రెండు మూడు చలికాలాలకు చెక్క మెత్తబడుతుంది, చాసిస్ తుప్పు పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన గ్యాసు గాలి కన్నా బరువు. ఎక్కడైనా లీకైతే పైకి పోదు, కిందకే దిగి ఇంటి అడుగున చేరుతుంది. అది బయటికి పోయే దారి ఆ కన్నాలే.

నాకిది పదో చలికాలం. చలి గోడల్లోంచీ వస్తుంది, కిటికీల్లోంచీ వస్తుంది, కాదనను. కానీ మనల్ని ముంచేది మాత్రం కాళ్ళ కింద. టార్చి పట్టుకుని, పాత చొక్కా వేసుకుని, ఇటుక గోడలో ఉండే చిన్న తలుపు తీసి లోపలికి చూడండి. ఫ్లోరు అడుగున ఇన్సులేషన్ ఉందా, వేలాడుతోందా, ఎలుకలు లాగేశాయా? నేలలోంచి ఫ్లోరు దాకా నిలువుగా లేచే నీళ్ళ పైపు ఒకటుంటుంది. పెద్దాయన చెప్పిన "పైపులు" అంటే ముందు అదే. మట్టిలో ఉన్నంతసేపూ దానికి ఢోకా లేదు, ఇంట్లోకి వచ్చాకా ఢోకా లేదు. మధ్యలో గాలికి నిలబడే ఆ మూరెడు మూరన్నరే గడ్డకట్టేది.

గోదారిగట్టు | అక్టోబర్ 27, సాయంత్రం 6:20

అక్కగారూ, చూశాను. ఈ వయసులో పాక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది, మా ఆవిడ ఫొటో తీసి పిల్లలకు పంపింది. నిలువు పైపుకు నల్ల నురుగు తొడుగు ఉంది కానీ సగం పొడైపోయింది, ముట్టుకుంటే చేతికి రాలుతోంది. దానికి చుట్టి ఏదో వైరు కూడా ఉంది. ప్లగ్గు ఎక్కడుందో తెలియదు. ఇన్సులేషన్ రెండు చోట్ల ఊడి వేలాడుతోంది. ఎలుక పెంటికలు కూడా కనిపించాయి.

పైపుల_తమ్ముడు | అక్టోబర్ 27, రాత్రి 8:50

బర్మింగ్‌హామ్ నుంచి, గ్యాస్ సేఫ్‌లో, అంటే గ్యాసు పని చేసేవాళ్ళ అధికారిక జాబితాలో, రిజిస్టర్ అయిన వాణ్ణి. అన్నా, ఆ వైరు ట్రేస్ హీటింగ్ కేబుల్. కరెంటుతో పైపును కొద్దిగా వెచ్చగా ఉంచుతుంది. కొన్నిటికి థర్మోస్టాట్ ఉంటుంది, చలి దిగితే వాటంతటవే పనిచేస్తాయి. మీ దాని వయసెంతో తెలియదు కాబట్టి, ప్లగ్గు దొరికినా ఎలక్ట్రీషియన్ చూసేదాకా పెట్టొద్దు. పాత కేబుల్ దెబ్బతిని ఉంటే అంటుకుంటుంది. పొడైన తొడుగు తీసేసి మందం ఎక్కువున్న కొత్తది వెయ్యండి. అతుకుల దగ్గర, వంపుల దగ్గర ఖాళీ ఉండకూడదు, టేపు చుట్టండి. ఆ రెండంగుళాల ఖాళీలోనే గడ్డకడుతుంది, ఎప్పుడూ అంతే. బయట తోట కుళాయి ఉంటే దానికీ తొడుగు వెయ్యండి.

రెండోది, బాయిలర్. కండెన్సింగ్ రకమైతే దాని నుంచి ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు గోడలోంచి బయటికి వస్తుంది. అందులో బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతుంటాయి. బాగా చలిగా ఉన్న రాత్రి ఆ పైపు మూసుకుపోతే బాయిలర్ గుడగుడమని ఆగిపోతుంది. జనవరిలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. గోరువెచ్చని నీళ్ళు పైపు మీద పొయ్యండి, లేదా వేడినీళ్ళ సీసా ఆనించండి, తరవాత రీసెట్ నొక్కండి. సలసల కాగే నీళ్ళు వద్దు, పైపు పగిలిపోతుంది. పైపు సన్నగా ఉంటే ముందే లావుది, 32 మిల్లీమీటర్లది వేయించుకుంటే ఆ బాధే ఉండదు.

మూడోది, సిలిండర్లు ఏ రంగువి?

గోదారిగట్టు | అక్టోబర్ 28, ఉదయం 8:10

బాయిలర్‌కు రెండు పెద్ద ఎర్రవి. పాత ఓనరు షెడ్డులో ఒక నీలం సిలిండరు, చక్రాలున్న హీటరు కూడా వదిలి వెళ్ళాడు. అది హాల్లో పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుందని మా ఆవిడ.

పైపుల_తమ్ముడు | అక్టోబర్ 28, మధ్యాహ్నం 1:30

ఎర్రది ప్రొపేన్, నీలంది బ్యూటేన్. ఇక్కడ ఎక్కువగా దొరికే కాలర్ కంపెనీ సిలిండర్లకు అవే రంగులు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. బ్యూటేన్ సున్నా దగ్గరకొచ్చేసరికి ద్రవంగానే కూర్చుంటుంది, సిలిండరు నిండుగా ఉన్నా మంట రాదు. అందుకే బయట పెట్టేది ఎర్రది. పెద్ద ఎర్ర సిలిండర్లు 47 కిలోలవి. రెండింటి మధ్య ఆటోమేటిక్‌గా మారే రెగ్యులేటరు ఉంటే, దాని మీది గుర్తు రంగు మారగానే ఖాళీ అయినదాని బదులు కొత్తది ఆర్డరు పెట్టండి. రెండోదీ అడుగంటేదాకా ఆగితే డెలివరీ లారీ మంచులో రాదు.

చక్రాల హీటరు గురించి వదినగారికి నా మాటగా చెప్పండి. కిలో గ్యాసు మండితే సుమారు కిలోన్నర పైన నీళ్ళు ఆవిరిగా గదిలోకి వస్తాయి. చిన్న ఇల్లు, కిటికీలన్నీ మూసి ఉంటాయి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? గోడల మీదకి. పైగా కార్బన్ మోనాక్సైడ్ భయం. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలారం లేకపోతే ఈ రోజే కొనండి. ఉంటే బటన్ నొక్కి చూడండి. దాని మీద గడువు తేదీ కూడా ఉంటుంది.

మిన్నెసోటా_బాబాయ్ | అక్టోబర్ 28, రాత్రి 11:45

మీ చలి చూస్తే నాకు నవ్వొస్తోందిరా అబ్బాయిలూ, మాకు మైనస్ 30 మామూలే. నేను వచ్చిన కొత్తల్లో నాలుగేళ్ళు మొబైల్ హోమ్‌లోనే ఉన్నా. పైపుకు చుట్టే ఆ కరెంటు కేబుల్, మేం హీట్ టేప్ అంటాం, దాని విషయంలో తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టొద్దు. మా పక్క ట్రెయిలరు అలాగే కాలింది. కానీ గాలి కన్నాల దగ్గర నేను అక్కతో ఏకీభవించను. మేం చలికాలం మూసేసి, వసంతంలో తెరిచేవాళ్ళం. ఏమీ కాలేదు.

నార్ఫోక్‌అక్క | అక్టోబర్ 29, ఉదయం 6:50

బాబాయ్ గారూ, మీ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు. అమెరికాలో 1976 జూన్ నుంచి ఆ ఇళ్ళకు ఫెడరల్ ప్రమాణం ఉంది. మీకు అడుగున పెద్ద షీటు బిగించి, నీళ్ళ పైపుల్లో చాలావరకు దాని లోపలే నడుపుతారు. ఇక్కడ బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 3632. కింద గాలి ఆడుతూనే ఉంటుందని లెక్కేసి కట్టిన ఇల్లు ఇది. పైగా మాకు చలి పొడిగా ఉండదు. సున్నాకు అటూ ఇటూ ఊగుతూ, రోజంతా తడి. మైనస్ 30లో తేమ గడ్డకట్టి కూర్చుంటుంది, మా రెండు డిగ్రీల్లో అది చెక్కలోకి పాకుతుంది.

మిన్నెసోటా_బాబాయ్ | అక్టోబర్ 29, సాయంత్రం 4:10

సరేనమ్మా, తడి చలి సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నా. హీట్ టేప్ మాట మాత్రం గుర్తు పెట్టుకోండి.

పైసా_పరమాత్మ | అక్టోబర్ 29, రాత్రి 9:00

అందరూ పైపుల గురించి చెప్తున్నారు, అసలు ఈ ఇల్లు ఎందుకు కొన్నారని ఎవరూ అడగరేం? నేల మనది కాదు. పిచ్ ఫీ ఏటా పెంచుతారు. అమ్ముకుంటే ఓనరు 10 శాతం దాకా కమిషన్ తీసుకుంటాడు. అదే డబ్బుకు ఏ ఫ్లాటో వచ్చేది.

గోదారిగట్టు | అక్టోబర్ 29, రాత్రి 9:25

అయ్యా, ఇల్లు అమ్మగా మిగిలిన డబ్బుతో కూతురి అప్పు తీరింది, మాకు తోట వచ్చింది. మా ఆవిడ కరివేపాకు మొక్క చూసి మాట్లాడండి.

పైసా_పరమాత్మ | అక్టోబర్ 30, ఉదయం 10:30

తిట్టడానికి రాలేదండీ. పనికొచ్చేది కూడా చెప్తాను. పిచ్ ఫీ పెంపుకు ఇంగ్లండులో 2023 జూలై నుంచి లెక్క మారింది. ధరల పెరుగుదలను కొలిచే సూచీలు రెండున్నాయి: అంతకుముందు ఆర్‌పీఐ ప్రకారం పెంచేవారు, ఇప్పుడు సీపీఐ ప్రకారం. మామూలుగా ఇది తక్కువే. కరెంటు ఓనరు ద్వారా వస్తుంటే, ఆయన కొన్న ధర కన్నా యూనిట్‌కు ఎక్కువ వసూలు చెయ్యకూడదు. బిల్లు చూపించమని అడగండి.

పెన్షన్ వయసు వచ్చిందా? చలికాలం ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే వింటర్ ఫ్యూయల్ పేమెంట్ ఇంటికి 200 పౌండ్లు, 80 దాటినవాళ్ళుంటే 300. ఇప్పటి రూలు ప్రకారం ఏడాదికి 35,000 పౌండ్ల పైన ఆదాయం ఉంటే వెనక్కి తీసుకుంటారు. పెన్షన్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకిచ్చే సాయం, వచ్చేవాళ్ళకు ఇంకోటి ఉంది: వరసగా 7 రోజులు సగటు ఉష్ణోగ్రత సున్నా, అంతకన్నా తక్కువ ఉంటే ఆ వారానికి 25 పౌండ్లు. నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా. ఇక వార్మ్ హోమ్ డిస్కౌంట్ అని కరెంటు బిల్లులో తగ్గింపు, 150 పౌండ్లు. మీ పేరు మీద కరెంటు కంపెనీ ఖాతా లేకపోతే అది మామూలు దారిలో రాదు. పార్క్ హోమ్ వాళ్ళకు దాన్నే విడిగా ఒక స్కీముగా పెట్టారు, అప్లై చేసుకోవాలి. తెరవగానే పెట్టండి, నిధి అయిపోతే మూసేస్తారు.

నార్ఫోక్‌అక్క | అక్టోబర్ 30, ఉదయం 11:15

చూశారా, పరమాత్మ గారి కోపం కింద వెన్నపూస.

గోదారిగట్టు | నవంబర్ 4, రాత్రి 7:30

కొత్త తొడుగు వేశాను. ఎలుకల కన్నాల్లో స్టీలు పీచు కుక్కాను. వేలాడే ఇన్సులేషన్ పైకెత్తి నెట్టు కొట్టాను. ఇప్పుడు రెండు సమస్యలు.

ఒకటి, సైటు దారి. వాన నీళ్ళు మా మలుపులోనే నిలుస్తాయి, అవి గడ్డకడితే అద్దంలా ఉంటుంది. సైటు ఆఫీసులో అడిగితే "మీ ఇంటి ముందు మీరే చూసుకోవాలి" అన్నారు. రెండు, ఇంటికి వచ్చే నీళ్ళు కట్టేసే స్టాప్‌ట్యాప్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పాత ఓనరు కట్టించిన చెక్క డెక్కింగు కింద ఉందేమోనని నా అనుమానం.

పైపుల_తమ్ముడు | నవంబర్ 4, రాత్రి 8:40

అన్నా, కర్టెన్లూ హీటర్లూ అన్నీ తరవాత. స్టాప్‌ట్యాప్ దొరకడం ముందు. పైపు పగిలాక వెతుక్కోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. వరసలో పక్క ఇళ్ళకు ఎక్కడున్నాయో చూడండి. ఒకేసారి వేసిన సైటైతే అందరికీ దాదాపు ఒకే చోట ఉంటాయి.

నార్ఫోక్‌అక్క | నవంబర్ 4, రాత్రి 9:10

దారి విషయంలో వాళ్ళు చెప్పింది సగమే. 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం ప్రకారం ప్రతి ఒప్పందంలోనూ కొన్ని షరతులు ఉన్నట్టే లెక్క, కాగితంలో రాయకపోయినా సరే. అందరూ వాడే దారులు, ఇంటి కింది కాంక్రీటు దిమ్మె, వాళ్ళు పిచ్, అంటే మన ఇల్లు నిలిచే జాగా, దాకా ఇచ్చే నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ, ఇవన్నీ ఓనరు బాధ్యత. ఇల్లూ, మీ తోటా మీ బాధ్యత. మంచు పడ్డ రోజు ఎవరు పార పట్టాలన్నది వాదించుకోవచ్చు గానీ, నీళ్ళు నిలిచే మలుపు మంచు సమస్య కాదు, రోడ్డు సమస్య. ఫొటో తీసి, తేదీ వేసి, మర్యాదగా ఉత్తరం రాయండి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు. కదలకపోతే ట్రిబ్యునల్ ఉంది, కానీ ముందే ఆ మాట ఎత్తొద్దు.

ఈలోపు ఒక బస్తా ఉప్పు కొనండి. ముందు రోజు సాయంత్రమే చల్లాలి. వేడినీళ్ళు మాత్రం పొయ్యొద్దు, అరగంటకు నున్నటి గాజవుతుంది.

హైదరాబాద్_పిల్ల | నవంబర్ 9, ఉదయం 5:55

నమస్తే అండీ. మా అమ్మానాన్న డెవన్‌లో పార్క్ హోమ్‌లో ఉంటారు. డిసెంబర్ మొదట్లో ఇక్కడికి వచ్చి సంక్రాంతి చూసుకుని ఫిబ్రవరిలో వెళ్తారు. బాయిలర్ ఆపేసి వస్తే చాలు అని నాన్న. నాకు టెన్షన్‌గా ఉంది.

నార్ఫోక్‌అక్క | నవంబర్ 9, ఉదయం 8:30

అమ్మా, మీ నాన్నగారికి నా కథ చెప్పు. 2018 ఫిబ్రవరిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి రాజమండ్రి వచ్చాను. ఖర్చెందుకని ఇక్కడ హీటింగ్ ఆపేసి వచ్చా. నెలాఖరుకు ఇంగ్లండు మీదకి సైబీరియా చలి దిగింది, బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అన్నారే, అది. పైపు గడ్డకట్టినప్పుడు ఎవరికీ తెలియదు. కరిగినప్పుడు తెలుస్తుంది. నేను తలుపు తీసేసరికి ఫ్లోరు అప్పడంలా ఉబ్బి ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగింది "హీటింగ్ ఆన్‌లో ఉందా, లేకపోతే నీళ్ళు దింపేశారా" అని. పాలసీలో ఆ షరతు ఉందట, నేను చదవలేదు. సగం డబ్బే వచ్చింది.

పైపుల_తమ్ముడు | నవంబర్ 9, మధ్యాహ్నం 12:45

రెండు నెలలంటే నీళ్ళు దింపేయడమే మంచిది చెల్లీ. స్టాప్‌ట్యాప్ కట్టేసి, ఇంట్లో కుళాయిలన్నీ, వేడివీ చల్లవీ, తెరిచి వదలాలి. అన్నిటికన్నా కింద డ్రెయిన్ కాక్ అని నీళ్ళు దించే చిన్న కుళాయి ఉంటుంది, అది విప్పాలి. చాలామంది మర్చిపోయేవి: షవర్ గొట్టంలో మిగిలే నీళ్ళు, ఫ్లష్ ట్యాంకు, సింకు కింది వంపులో నిలిచే నీళ్ళు. ఆ వంపులో విషం కాని యాంటీఫ్రీజ్ కొంచెం పోస్తారు. బాయిలర్, రేడియేటర్ల నీళ్ళు సొంతంగా ముట్టుకోవద్దు, ఇంజినీరును పిలవండి. చివరికి కుళాయిలు తెరిచే ఉంచాలి.

గోదారిగట్టు | నవంబర్ 22, రాత్రి 8:05

ఇది మా ఆవిడ రాయమన్న పోస్టు. పొద్దున్నే కిటికీల మీద నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. బీరువా వెనక గోడకు నల్ల బూజు. లోపల పట్టుచీరలకు మగ్గిన వాసన. రెండు చీరల అంచు మీద తెల్ల మచ్చలు కూడా. ఇంట్లో రెండు రోజులుగా మౌనవ్రతం నడుస్తోంది, కారణం నేనే అట.

నార్ఫోక్‌అక్క | నవంబర్ 22, రాత్రి 8:40

కారణం మీరు కాదు, మన వంట. ఇక్కడివాళ్ళు శాండ్‌విచ్ తిని పడుకుంటారు, మనం మూడు విజిళ్ళు, ఆ మీద చారు, ఆ మీద ఇడ్లీ. ఆవిరంతా వెళ్ళి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట నీరవుతుంది. ఆ చోటు బయటి గోడకు ఆనించిన బీరువా వెనక. కుక్కరు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి ఫ్యాన్ వెయ్యండి, తరవాత పావుగంట తిరగనివ్వండి. బీరువాను లోపలి గోడకు మార్చండి, వీలుకాకపోతే నాలుగు వేళ్ళ సందు వదలండి. ఉతికిన బట్టలు రేడియేటరు మీద ఆరేయొద్దు. రోజంతా కొద్దిగా వేడి ఉంచడం, రెండు గంటలు మండించి ఆపేయడం కన్నా నయం.

చీరలకు ముందు నీడలో గాలి తగలనివ్వండి, ఎండిన మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ పెట్టొద్దు.

బెజవాడబుల్లోడు | డిసెంబర్ 2, రాత్రి 10:20

అక్కా, కరెంటు పోతే? గ్యాసు ఉంది కదా, బాయిలర్ నడుస్తుందిగా?

పైపుల_తమ్ముడు | డిసెంబర్ 2, రాత్రి 10:50

నడవదు. మంట గ్యాసుదే, పంపూ ఫ్యానూ బోర్డూ కరెంటువి. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుపానుకు ఉత్తరాన కొన్ని ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుంది, అన్నం వండుకోవచ్చు, కానీ గది వెచ్చదనానికి దాన్ని వెలిగించి వదలొద్దు. ఫ్లాస్కు, టార్చి, పవర్ బ్యాంకు పెట్టుకోండి. కరెంటు పోతే ఫోన్ 105. పెద్దవాళ్ళూ, మందుల మీద ఉన్నవాళ్ళూ ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో, అంటే ముందుగా సాయం అందాల్సినవాళ్ళ జాబితాలో, పేరు రాయించుకోవాలి, డబ్బేం కట్టక్కర్లేదు.

గోదారిగట్టు | డిసెంబర్ 5, సాయంత్రం 5:15

స్టాప్‌ట్యాప్ దొరికింది! మా వరసలో ఆరు ఇళ్ళవీ చూశాను, అందరికీ ముందు మెట్టుకు ఎడమ పక్క, రెండడుగుల దూరంలో. మాది నిజంగానే డెక్కింగు కింద. చెక్కలు కోసి, కీలు పెట్టి చిన్న మూత చేశాను. మా ఆవిడ దాని మీద పూలకుండీ పెట్టబోతే ఒప్పుకోలేదు. మళ్ళీ మౌనవ్రతం.

గోదారిగట్టు | జనవరి 8, ఉదయం 11:30

నాలుగు రాత్రులు మైనస్ 6. మా కుళాయి ఒక్క రోజు కూడా ఆగలేదు. బాయిలర్ ఒకసారి గుడగుడలాడింది, వేడినీళ్ళ సీసాతో దారికొచ్చింది.

నిన్న మంచు కరగడం మొదలైంది. మధ్యాహ్నం ఉప్పు చల్లుతుంటే పక్కింటి పెద్దాయన ఇంటి కింద గాలి కన్నాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన క్రిస్మస్‌కు కూతురింటికి వెళ్ళి ఇంకా రాలేదు. "నీ పైపులు చూసుకో" అన్నాడే, ఆయనే. మెట్టుకు ఎడమ పక్క, రెండడుగులు. మంచు గోకి మూత తీసి కట్టేశాను. అంతా కలిపి ఐదు నిమిషాలు. ఫోన్ చేస్తే పాపం ముసలాయన గొంతు పెగల్లేదు. ఈ రోజు ప్లంబరు వచ్చాడు, తొడుగు లేని ఒక వంపు దగ్గర పగిలిందట. ఫ్లోరు బతికింది.

సైటు వాళ్ళు మలుపులో కంకర పోసి మళ్ళీ రోడ్డు వేస్తామని రాసి పంపారు. మార్చిలో అట. చూద్దాం.

పైపుల_తమ్ముడు | జనవరి 8, మధ్యాహ్నం 1:05

చెప్పానా, వంపు దగ్గరే! శభాష్ అన్నా.

నార్ఫోక్‌అక్క | జనవరి 8, సాయంత్రం 4:40

చాలా సంతోషం అన్నయ్యగారూ. ఇంతకీ పట్టుచీరలు ఎలా ఉన్నాయి?

గోదారిగట్టు | జనవరి 8, రాత్రి 7:00

చీరలు బాగున్నాయక్కా, లోపలి గోడకు మార్చాం. దోసెల పిండే రెండు రోజులైనా పులవడం లేదు.

నార్ఫోక్‌అక్క | జనవరి 8, రాత్రి 7:10

బాయిలర్ ఉన్న అలమరలో పెట్టండి, కింది అరలో. పొంగుతుంది, కింద పళ్ళెం మర్చిపోవద్దు.